యథాతథ స్థితిలో ఒక ఇంజను

సింగరేవు పట్టణానికి వారసత్వం మీద మమకారం కాస్త ఆలస్యంగా పుట్టింది. ఒకప్పుడు ఊళ్ళో డచ్చివాళ్ళు కట్టిన కోటగోడ ఉండేది. దాన్ని పడగొట్టి బస్టాండు కట్టారు. జమీందారుగారి గడియార స్తంభం ఉండేది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అడ్డొచ్చిందని తీసేశారు. ఓడల కాలంనాటి ఉప్పు గిడ్డంగి ఒక్కటి మిగిలితే, ఆ స్థలంలో మునిసిపల్ కల్యాణమండపం లేచింది. ఈ పనులన్నీ పూర్తయ్యాక పైనుంచి ఉత్తర్వు వచ్చింది, ప్రతి పట్టణమూ తన వారసత్వ సంపదను గుర్తించి కాపాడుకోవాలని.

మునిసిపాలిటీలో వెంటనే వారసత్వ పరిరక్షణ విభాగం వెలిసింది. దానికో గది, గదికో ఫ్యాను, ఫ్యాను కింద త్రివిక్రమరావు అనే అధికారి. ఆయనకు కుర్చీ ఉంది, బల్ల ఉంది, ఎర్రతాళ్ళ చుట్ట ఉంది. కాపాడడానికి వారసత్వం ఒక్కటే లేదు.

యాభై ఏళ్ళు దాటిన ఏ వస్తువైనా వారసత్వమేనని, దాన్ని గుర్తించిననాటి స్థితిలోనే, గుర్తించిన చోటులోనే ఉంచాలని నిబంధన. త్రివిక్రమరావు వీధివీధీ తిరిగాడు. ఒక మంగలి షాపులో పాత కుర్చీ కనిపిస్తే ఆశపడ్డాడు గాని, అది నలభై ఎనిమిదేళ్ళదని తేలింది. ఇంకో రెండేళ్ళు జాగ్రత్తగా చూసుకోమని చెప్పి వచ్చేశాడు. పాత కాగితాలు తిరగేసీ, అటకలు ఎక్కిదిగీ ఆయనకు వారసత్వం దొరకలేదు గాని తుమ్ములు పట్టుకున్నాయి. ఆ తుమ్ములకే మందు కోసం బోటుషెడ్డు వీధిలో ఉన్న హోమియో డాక్టరు దేవదానం ఇంటికి వచ్చాడు.

ఆ ఇంటి ముందుగదిలో దేవదానం మందులిస్తాడు. వెనక హాల్లో ఆయన భార్య సుగుణకుమారి, మహిళా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు, ఆ వేసవి సెలవుల్లో మోటారుసైకిలు ఇంజను విప్పుతోంది.

ఆ మోటారుసైకిలు ఆమె తల్లి ఎస్తేరమ్మది. ఎస్తేరమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తల్లో, లంక గ్రామాల్లో పురుళ్ళు పోయడానికి వెళ్ళాలంటే ఎడ్లబండి తప్ప దారిలేదు. బండి చేరేలోపు బిడ్డ పుట్టేసేది, ఒక్కోసారి అంతకంటే ఘోరమూ జరిగేది. ఆసుపత్రివాళ్ళు ఒక మోటారుసైకిలు తెప్పించి, నడిపే మగమనిషి కోసం చూస్తుంటే, ఎస్తేరమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి తనే ఎక్కేసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా కాలవగట్ల మీద దాని డబడబ చప్పుడు వినబడితే చాలు, ఇళ్ళల్లో నీళ్ళు పొయ్యిమీద పెట్టేసేవాళ్ళు. ఆమె రిటైరయ్యాక బండిని ఆమెకే ఇచ్చేశారు. కొన్నాళ్ళకు ఇంజను పట్టేసింది. మెట్లకింద గోనెపట్టా కప్పుకుని పడుంది.

ఆ ఏడు ఎస్తేరమ్మకు కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు ఇల్లంతా కలయజూసి, గోనెపట్టా దగ్గర ఆగింది.

"దీన్ని ఇంకోసారి ఎక్కాలనుందే. నడపలేనులే. వెనక కూర్చుంటాను. నేను పోయేలోపు నీకు కుదిరితే చూడు" అంది కూతురితో.

అడగడం తెలియని మనిషి అడిగింది. సుగుణ సెలవులిచ్చిన మర్నాడే హాల్లో పాత దుప్పటి పరిచింది. ట్యాంకు తీసింది, కార్బురేటరు తీసింది, హెడ్డు దించింది. పిస్టను సిలిండరు బోరులో తుప్పుపట్టి బిగుసుకుపోయింది. డీజిలు పోసి నానబెట్టి, రోజూ పొద్దున, మామూలుగా కాలేజీకి బయల్దేరే వేళకు, చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా తట్టేది. ఒక ఉదయం అది "ఠక్" మని కదిలితే పిల్ల పుట్టినంత సంబరపడింది. విప్పిన ప్రతి భాగాన్నీ కిరోసిన్లో కడిగి, విప్పిన వరసలోనే దుప్పటి పక్కన నేలమీద పేర్చి, చుట్టూ సుద్దతో గీసి పేరు రాసింది. వాల్వు స్ప్రింగులు ఇడ్లీరేకుల్లో ఉన్నాయి. నట్లూ బోల్టులూ ఖాళీ ఆవకాయ జాడీలో. క్లచ్చు ప్లేట్లు అన్నం పళ్ళెంలో. ఇక అరిగిన రింగులు మార్చి బిగించడమే మిగిలింది. రింగులు పట్నం నుంచి వచ్చేశాయి కూడా.

సరిగ్గా ఆ రోజు త్రివిక్రమరావు మందు పొట్లం కట్టించుకుంటూ, తలుపు సందులోంచి హాల్లోకి చూశాడు. తుమ్మబోయినవాడు ఆగిపోయాడు.

"అదేమిటండీ డాక్టరుగారూ?"

"మా అత్తగారి మోటారుసైకిలండి."

"ఎన్నాళ్ళ నాటిది?"

"అరవై ఏళ్ళు దాటిందండి" అన్నాడు దేవదానం గర్వంగా. ఆ గర్వమే కొంప ముంచింది.

త్రివిక్రమరావు చెప్పులు విడిచి, గుడిలోకి వెళ్ళినట్టు హాల్లోకి వెళ్ళాడు. సుగుణ అప్పుడే పిస్టనుకు మొదటి రింగు తొడగబోతోంది.

"ఆపండి" అన్నాడు. "అలాగే ఉండండి. చేతిలోది ఎక్కడినుంచి తీశారో అక్కడే పెట్టండి."

పాముందేమో అనుకుని సుగుణ పిస్టను సుద్దగీతలో పెట్టేసి లేచి నిలబడింది. త్రివిక్రమరావు గొంతు సవరించుకున్నాడు.

"సదరు యంత్రాన్ని వారసత్వ సంపదగా ఈ క్షణం నుంచీ గుర్తించడమైనది. తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు దీనిని యథాతథ స్థితిలో ఉంచవలసిందిగా యజమానిగారిని కోరుతున్నాం" అన్నాడు, దేవదానం వైపు తిరిగి.

"యజమాని ఆవిడ వాళ్ళమ్మగారండి" అన్నాడు దేవదానం.

"అదేలెండి. ఇంటి యజమానిగా మీ బాధ్యత."

సుగుణ నవ్వు ఆపుకుని, "ఇది యథాతథ స్థితి కాదండి. దీని అసలు స్థితి బండి. బిగించాక వచ్చి గుర్తించండి, మేమూ సంతోషిస్తాం" అంది.

"గుర్తించిననాటి స్థితే అసలు స్థితి అని మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉందండి" అన్నాడు త్రివిక్రమరావు దేవదానంతో. "ఈ రోజున మేము చూసింది విడిభాగాల రూపంలో ఉన్న వాహనం. దీన్ని బిగిస్తే వారసత్వ సంపదను ధ్వంసం చేసినట్టవుతుంది."

"బిగిస్తే ధ్వంసమా?" అంది సుగుణ.

"నిబంధనల ప్రకారం."

మర్నాటికల్లా హాలు మధ్యలో నాలుగు ఇనపకడ్డీలు, వాటి చుట్టూ ఎర్రతాడు వచ్చాయి. గోడకు బోర్డు తగిలించారు. దుప్పటి వారసత్వం. దుప్పటికింద పరిచిన నిరుటి దినపత్రికలు వారసత్వం. ఇడ్లీరేకులు పోయిన దసరాకు కొన్నవని సుగుణ రసీదు చూపించింది గాని, అవి ప్రధాన సంపదకు అనుబంధ ఆధారాలని, విడదీయరాదని తేల్చారు. ఆ వారం ఇంట్లో ఇడ్లీలు లేవు. ఎస్తేరమ్మ మాత్రం కొత్త కళ్ళతో ఎర్రతాడును చూస్తూ, "ఆసుపత్రిలో అంటురోగం వార్డుకి కట్టేవాళ్ళం ఇట్టాంటిది" అంది.

అక్కడితో ఆగితే సర్దుకుపోయేవాళ్ళే. తాడు లోపల ఊడవకూడదన్నారు, దుమ్ముకూడా కాలం వేసిన ముద్రేనని. ఫ్యాను వేయకూడదన్నారు, ఆ ముద్ర చెదిరిపోతుందని. రోహిణీకార్తె ఎండల్లో ఫ్యాను లేని హాల్లో ముగ్గురూ విసనకర్రలతో కూర్చున్నారు, అదీ తాడువైపు గాలి పోకుండా. సెలవుల్లో ఉన్న బడిపిల్లల్ని కూడా పిలిపించి, వరసకట్టించి తీసుకొచ్చారు. విభాగం తరఫున వచ్చిన గైడు, పిస్టను చూపించి అది డచ్చివాళ్ళ ఫిరంగిలోదని చెబుతుంటే, సుగుణ ఉండబట్టలేక, "అది పిస్టను బాబూ, లోపల పైకీ కిందకీ ఆడుతుంది" అంది. గైడు మర్యాదగా, సందర్శకులు వివరణ మధ్యలో మాట్లాడరాదని చెప్పాడు. తన హాల్లో తాను సందర్శకురాలైందని సుగుణకు అప్పుడే తెలిసింది.

పక్కింటి పిల్లి తాడుకింద నుంచి దూరి ఇంజను భాగాల మధ్య పెట్టే గాస్కెట్టు ఒకటి నోట కరుచుకుని, వంటింటి గడప దగ్గర వదిలిపెట్టింది. త్రివిక్రమరావు వచ్చి విచారణ జరిపాడు. గాస్కెట్టును ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్నయింది. మొదట గుర్తించిన చోటు సుద్దగీత. ప్రస్తుతం ఉన్న చోటు గడప. తిరిగి గీతలో పెడితే ఉన్నచోటునుంచి కదిపినట్టు, పెట్టకపోతే గుర్తించిన చోటులో లేనట్టు. చాలాసేపు ఆలోచించి, తాడును గడపదాకా పొడిగించాడు. వంటింట్లోకి వెళ్ళాలంటే పెరట్లోంచి చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది.

సుగుణ మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళింది. పునరుద్ధరణకు అనుమతి ఇమ్మని అడిగింది.

"తప్పకుండా ఇస్తామండి" అన్నాడు త్రివిక్రమరావు, తుమ్ముల మధ్య. "పునరుద్ధరణ అంటే అసలు స్థితికి తీసుకురావడం. మీ యంత్రం అసలు స్థితిలోనే ఉంది కాబట్టి అవసరం లేదు. ఒకవేళ ఎవరైనా దాన్ని బిగిస్తే మాత్రం, పునరుద్ధరణ కింద మేమే విప్పించి పెడతాం."

సుగుణ పాతికేళ్ళుగా పిల్లలకు తర్కంతో పాఠం చెప్పిన మనిషి. ఆ మాటల్లో తప్పెక్కడుందో వెతుక్కుంటూ నడిచి ఇంటికొచ్చింది. దొరకలేదు. తల్లి మంచం పక్కన కూలబడి, "బిగించనివ్వరటమ్మా" అంది.

ఎస్తేరమ్మ ఇంకా జిడ్డు మరకలు పోని కూతురి చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. "బిడ్డ అడ్డం తిరిగిందని పురుడు ఆపుతామా. ఏదో దారుంటది. ఓపిక పట్టు" అంది.

దారి దొరక్కపోగా, ఆ వారంలో ఎస్తేరమ్మ కూడా వారసత్వమైపోయింది. సదరు వాహనాన్ని నడిపిన వ్యక్తి సజీవంగా, అదే ప్రాంగణంలో ఉన్నట్టు విభాగం దృష్టికి వచ్చిందని త్రివిక్రమరావు వచ్చాడు. ఆమె కూర్చున్న కుర్చీకి చీటీ అతికించి, కిటికీ దగ్గర నుంచి కదపవద్దన్నాడు.

"నన్నూ తాడుతో కడతావా బాబూ?" అంది ఎస్తేరమ్మ.

"అబ్బే, మీరు చరాస్తి కిందకు వస్తారండి. వీలైనంతవరకు యథాతథంగా ఉంటే చాలు. కొత్త కళ్ళజోడు మాత్రం పెట్టుకోవద్దు."

ఎస్తేరమ్మ ఆయన్ని తేరిపార చూసింది. "నువ్వు చేపల మార్కెట్టు వెనకాల నాగరత్నం కొడుకువి కదూ?"

"అవునండి" అన్నాడు త్రివిక్రమరావు, ఆశ్చర్యపోయి.

"నీకు పురుడు పోసింది నేనే. ఆ బండి మీదే వచ్చాను, జోరున వాన. నువ్వు కాళ్ళు ముందు పెట్టి వచ్చావు. తిప్పి తియ్యడానికి తాతలు దిగొచ్చారు నాకు. ఇప్పటికీ అట్టాగే ఉన్నావు."

త్రివిక్రమరావు ముఖం ఒక్క క్షణం పసిపిల్లాడిలా అయింది. కాని వెంటనే తేరుకుని, ఈ సమాచారం సంపద విలువను మరింత పెంచుతోందని చెప్పి, తన పేరు కూడా బోర్డుమీద చేర్పించాడు.

సరిగ్గా అప్పుడు ఊరికి ఇంకో ఉత్సాహం వచ్చింది. పైనుంచి మరో ఉత్తర్వు: పట్టణాన్ని పాత ఇనుము లేని పట్టణంగా తీర్చిదిద్దాలి, పదిహేనేళ్ళు దాటిన వాహనాలన్నీ తుక్కు యార్డుకు చేరాలి. దీనికో విభాగం, విభాగానికి సాంబమూర్తి అనే అధికారి. మనిషి లావు, గొంతు అంతకంటే లావు. వీధి చివర జీపు దిగి, దేవదానం ఇంట్లోకి నేరుగా వచ్చి, "డాక్టరుగారూ, మీ ఇంట్లో అరవై ఏళ్ళు పైబడిన కాలుష్యకారక వాహనం ఉన్నట్టు మాకు నివేదిక అందింది. స్వచ్ఛందంగా అప్పగిస్తారా, చర్యలు తీసుకోమంటారా?" అన్నాడు.

దేవదానం హాలు చూపించాడు. హాల్లో త్రివిక్రమరావు మోకాళ్ళమీద కూర్చుని, దుమ్ము పేరుకున్న మందం స్కేలుతో కొలుస్తున్నాడు.

"ఇది వారసత్వ సంపద. కదపడానికి వీల్లేదు" అన్నాడు త్రివిక్రమరావు లేచి.

"ఇది తుక్కు. ఉంచడానికి వీల్లేదు" అన్నాడు సాంబమూర్తి.

"అరవై ఏళ్ళు దాటింది కాబట్టే సంపద."

"అరవై ఏళ్ళు దాటింది కాబట్టే తుక్కు."

ఎర్రతాడుకు అటొకరు ఇటొకరు నిలబడి ఇద్దరూ ఉత్తర్వుల నంబర్లు చదువుకున్నారు. రెండింటిమీదా ఉన్నది ఒకే పెద్ద సంతకం. తేదీ కూడా పెద్ద తేడా లేదు. కాసేపటికి ఇద్దరికీ దాహమేసింది. సుగుణ పెరటి చుట్టూ తిరిగి వెళ్ళి మజ్జిగ తెచ్చింది. ఇస్తూ సాంబమూర్తిని అడిగింది.

"ఈ ముక్కల్ని తట్టలో వేసి పట్టుకుపోతారా సార్?"

సాంబమూర్తి నొచ్చుకున్నాడు. "ముక్కలు మాకు పనికిరావమ్మా. ముక్కలు చెత్త కిందకి వస్తాయి, అది పారిశుద్ధ్యం వాళ్ళ పరిధి. మాకు లెక్కలోకి రావాలంటే వాహనం వాహనంగా ఉండాలి. యార్డు దాకా స్వయంగా నడిచి రావాలి. లాక్కురావడానికి మాకు క్రేను మంజూరు కాలేదు."

"అంటే, తుక్కు చేయాలంటే బండి బాగా నడవాలి."

"కండిషన్లో ఉండాలమ్మా. అది తప్పనిసరి."

సుగుణ తల్లి వైపు చూసింది. కిటికీ దగ్గర ఎస్తేరమ్మ, యథాతథంగా కూర్చునే, కూతురికి కన్నుగీటింది.

"అయితే సార్, దీన్ని బిగించి నడిపించుకు రమ్మని మాకు ఉత్తర్వు ఇవ్వండి. చట్టానికి కట్టుబడే కుటుంబం మాది" అంది సుగుణ.

ఇంత వినయంగా తుక్కుకు ఒప్పుకున్న ఇల్లు సాంబమూర్తికి ఇంతవరకూ తగల్లేదు. అక్కడికక్కడే రాసిచ్చాడు. త్రివిక్రమరావు మాత్రం గింజుకున్నాడు. తన విభాగానికి ఉన్న ఏకైక సంపద పోతే గది పోతుంది, ఫ్యాను పోతుంది. ఆయన అవస్థ చూసి ఎస్తేరమ్మే జాలిపడింది.

"ఒరే అబ్బాయ్, నేలమీద సుద్దగీతలున్నాయి కదా. అవి ఎవరూ పట్టుకుపోరు. వాటిని కాపాడుకో" అంది.

త్రివిక్రమరావు వంగి చూశాడు. గీతలు నిజంగానే అందంగా ఉన్నాయి. ప్రతి భాగం ఆకారం, పక్కన గుండ్రటి అక్షరాల్లో పేరు. దుప్పటి, ఇడ్లీరేకులు, గాస్కెట్టు అన్నీ విడుదలై, గీతలకు మాత్రమే రక్షణ కల్పిస్తూ కొత్త ఉత్తర్వు వచ్చింది. గీతలకు దుమ్ము పడకుండా పరదా కూడా మంజూరైంది.

ఆ వారమంతా సుగుణ వసారాలో కూర్చుని బిగించింది. రింగుల్ని వేళ్ళతో నొక్కిపట్టి పిస్టనుమీదుగా బోరును దించడానికి రెండు చేతులు చాలక, దేవదానాన్ని పిలిచింది. ఆయన జీవితంలో మొదటిసారి నల్లనూనెలో చెయ్యి పెట్టి, హోమియో మాత్ర పట్టుకున్నంత సున్నితంగా రింగు పట్టుకున్నాడు. వేలు నలిగింది. మూడో ప్రయత్నంలో బోరు జారి సరిగ్గా కూర్చుంది. ఎస్తేరమ్మ నిషేధిత కుర్చీని తనే ఈడ్చుకుని వసారాలోకి వచ్చి, "ట్యాపెట్లు మరీ బిగించకే. కాస్త ఊపిరాడనివ్వు" అని చెబుతూ కూర్చుంది. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు గీరారు, కొత్త నూనె పోశారు, పెట్రోలు పోశారు.

కిక్కు కొడితే దగ్గింది. మళ్ళీ కొడితే నల్లటి పొగ చీదింది. సుగుణ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బరువంతా కాలిమీద వేసి తొక్కింది. డబ్, డబ్, డబ్ డబ్ డబ్. వీధిలో నడిచేవాళ్ళు ఆగిపోయారు. ఎదురింటి ముసలావిడ ఒకామె అరుగు దిగి వచ్చి, "ఎవరికే నొప్పులు?" అని అడిగింది. ఎస్తేరమ్మ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఆపరేషన్ చేసిన కంటిని తుడుచుకోకూడదని గుర్తొచ్చి, అలాగే కారనిచ్చింది.

అప్పగింత రోజున తుక్కు యార్డు దగ్గర షామియానా వేశారు. పట్టణంలో స్వచ్ఛందంగా నడిచి వస్తున్న మొదటి తుక్కు అని మైకులో చెప్పారు. బండికి వేయడానికి సాంబమూర్తి స్వయంగా బంతిపూల దండ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. దూరం నుంచి డబడబ చప్పుడు వినగానే బ్యాండు మేళం మొదలైంది.

సుగుణ నడుపుతోంది. వెనక ఎస్తేరమ్మ, తెల్ల చీర కొంగు నడుముకు దోపి, కొత్త కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. గేటు దగ్గరకు వచ్చేసరికి బండి మందగించింది. సాంబమూర్తి దండ ఎత్తాడు.

"ఏమే, బ్రేకు వేస్తున్నావా?" అంది ఎస్తేరమ్మ వెనకనుంచి.

"గేరు మారుస్తున్నానమ్మా" అంది సుగుణ.

దండ గాలిలో ఊగింది. బండి గేటు దాటి, షామియానా దాటి, బ్యాండు మేళాన్ని పొగలో ముంచి, తిన్నగా ఏటి వంతెన ఎక్కింది. కింద ఏరు తళతళ మెరుస్తోంది. ఎస్తేరమ్మ ప్రతి రేవునూ గుర్తుపడుతూ, అక్కడెవరికి కవలలు పుట్టారో, ఎక్కడ చక్రం దిగబడిందో కూతురి చెవిలో అరిచి చెబుతోంది. వంతెన దిగాక మునిసిపాలిటీ హద్దు అయిపోయింది. అవతలంతా పంచాయతీ.

ఒక టీకొట్టు దగ్గర ఆగారు. ఇద్దరూ బల్లమీద కూర్చుని, చాలాకాలం తర్వాత ఎవరి అనుమతీ లేకుండా టీ తాగుతుంటే, చంకలో ఫైలు పెట్టుకున్న ఒక కుర్రాడు వచ్చి బండి చుట్టూ తిరిగాడు. ఊరి పంచాయతీ సెక్రటరీ అట. ఇస్త్రీ చొక్కా, మంచి ముఖం.

"ఏ సంవత్సరం బండండీ ఇది? చాలా పాతదల్లే ఉంది" అన్నాడు ముచ్చటగా.

"కొత్తదే బాబూ" అంది ఎస్తేరమ్మ. "మొన్ననే కొన్నాం."

"అట్టాగాండీ. కాదు, మొన్ననే మా పంచాయతీకి కూడా ఏదో సర్క్యులర్ వచ్చిందండి, పాత వస్తువుల గురించి. ఇంకా పూర్తిగా చదవలేదు గాని..." అంటూ ఫైలు తాడు విప్పబోయాడు.

ఎస్తేరమ్మ పొగలు కక్కే టీని ఒక్క గుక్కలో తాగేసింది. "అమ్మాయ్, కిక్కు కొట్టు."

సుగుణ కొట్టింది. అందుకోలేదు. మళ్ళీ కొట్టింది. ఇంజను వేడిమీద ఉంది, మొండికేసింది. సెక్రటరీ ఫైలు బల్లమీద పెట్టి, చొక్కా చేతులు మడిచాడు.

"మీరు కూర్చోండి మేడమ్. తోస్తే అందుకుంటది" అని, బండి వెనక చేరి, కొత్త చెప్పులు మట్టిలో జారుతున్నా లెక్కచేయకుండా, ఇద్దరు ఆడవాళ్ళతో సహా దాన్ని రోడ్డు వాలుదాకా తోసుకుపోయాడు. సుగుణ క్లచ్చు వదిలింది. ఇంజను ఒక్కసారి ఉలిక్కిపడి అందుకుంది. పొగలోంచి ఎస్తేరమ్మ చెయ్యి ఊపడం ఒక్క క్షణం కనిపించింది, ఆ తర్వాత కాలవగట్టు మలుపులో చప్పుడే మిగిలింది.

సెక్రటరీ మసి తుడుచుకుంటూ, ఎంతో సంతృప్తిగా తిరిగొచ్చి ఫైలు అందుకున్నాడు.

"ఏ ఊరాళ్ళండీ?" అని అడిగాడు టీకొట్టాయన్ని.

"తెలీదండి. డబ్బులిచ్చి చిల్లర కూడా తీసుకోకుండా పోయారు" అన్నాడు ఆయన గ్లాసులు కడుగుతూ. "కొత్త బండి కదా, ఉషారు మీదున్నట్టున్నారు."